మండువా లోగిలిలో స్టైల్డ్ పెళ్ళి షూట్: ఏ ఫొటో ముందు, ఏది వెనక?

చైతన్య_క్లిక్స్ (కాకినాడ)

అందరికీ నమస్కారం. డిసెంబరు ఆఖరి వారంలో ఒక స్టైల్డ్ షూట్ (నిజం పెళ్ళి కాదు, ఫొటోల కోసం పెళ్ళిలా అలంకరించి తీసేది) పెట్టుకుంటున్నాం. ధనుర్మాసం, ముహూర్తాలు లేవు కాబట్టి మేకప్ వాళ్ళు, డెకరేషన్ వాళ్ళు, నేను అందరం ఖాళీయే. అంబాజీపేట దగ్గర ఒక పాత మండువా లోగిలి ఒక్క రోజుకి దొరికింది. సంక్రాంతికి పిల్లలూ మనవలూ దిగుతారు, ఆ లోపే కానిచ్చేయమన్నారు ఇంటివాళ్ళు.

అనుకున్నది పాతకాలపు గోదావరి పెళ్ళి. ఎల్‌ఈడీ గోడలు, పొగ మెషిన్లు ఉండవు. కొబ్బరాకు పందిరి, అరటి బోదెలు, మామిడి తోరణాలు, ఇత్తడి బిందెలు, అంతే. పెళ్ళికూతురుగా, పెళ్ళికొడుకుగా ఇద్దరు మోడల్స్‌ని మాట్లాడాం. ఎవరికీ డబ్బు ముట్టదు, అందరూ ఫొటోలు వాడుకుంటారు.

నేను రాసుకున్న టైములు ఇవి. 7కి గౌరీపూజ. 8:30కి బుట్టలో పెళ్ళికూతురు రావడం. 9:30కి అడ్డుతెర, జీలకర్ర బెల్లం. 10:30కి మంగళసూత్రం. 11కి తలంబ్రాలు. 12కి బిందెలో ఉంగరం. భోజనాలయ్యాక 2కి జంట పోర్ట్రెయిట్లు, 3కి నగలు, చీరలు, శుభలేఖ డిటెయిల్స్. 4:30కి కాలవ గట్టు. 5:30కి పడవ మీద అప్పగింతలు. మొత్తం 60 ఫ్రేములు.

తేడాలేమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకెమెరా (రాజమహేంద్రవరం)

మొహమాటం లేకుండానే చెబుతాను చైతన్యా. నువ్వు రాసింది పెళ్ళి వరస, షూట్ వరస కాదు.

నిజం పెళ్ళిలో పంతులుగారి నోటి వెంట మన కెమెరా పరిగెత్తాలి, వేరే దారి లేదు. ఇక్కడ పంతులుగారు నీ చేతిలో ఉన్నారు, వరస నీ ఇష్టం. ఆ ఒక్క సౌకర్యాన్నే వదిలేసుకున్నావు. జీలకర్ర బెల్లం 9:30కి, తలంబ్రాలు 11కి, పోర్ట్రెయిట్లు 2కి! అప్పటికి ఆ అమ్మాయి జడలో బియ్యం, పాపిట్లో బెల్లం పాకం, మెడ మీద పసుపు చారలు. పెళ్ళిలో అయితే అది అందమే. కానీ నగల వాళ్ళకీ చీరల వాళ్ళకీ కావలసిన ఫొటో అది కాదు కదా.

శుభ్రంగా ఉన్నవి ముందు తియ్యి, చెరిగిపోయేవి చివర. పెళ్ళి వరస ఆల్బమ్‌లో పేర్చుకోవచ్చు.

నగల డిటెయిల్స్ మధ్యాహ్నం 3కి అంటున్నావు. అప్పుడవి పెట్టెల్లో ఉండవు, ఆ అమ్మాయి ఒంటి మీద ఉంటాయి. మేకప్ జరుగుతున్నంతసేపూ అవి ఖాళీగానే ఉంటాయి కాబట్టి జడకుప్పెలు, వంకీ, వడ్డాణం, పాపిడి బిళ్ళ అన్నీ అప్పుడే లాగించెయ్యి. రెండో కెమెరామన్ ఉంటే ఆ పని అతనికి అప్పజెప్పు.

ఇంకోటి, అమలాపురం వైపు డిసెంబరు ఆఖరున 5:35 ప్రాంతంలో సూర్యుడు మునిగిపోతాడు. 5:30కి పడవ ఎక్కితే చీకట్లో అప్పగింతలే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు, మన దగ్గర పొద్దు వాళ్ళకంటే సుమారు పావుగంట ముందు వాలిపోతుంది. పడవ 4:45కే కదలాలి.

మేకప్_మాధురి (రాజమహేంద్రవరం)

పాతకెమెరా గారు నా పని సగం తేలిక చేశారు. మిగతా సగం నేను చెబుతాను.

7కి మొదటి ఫ్రేమ్ అంటే ఆ అమ్మాయిని తెల్లవారుజామున 4కి కుర్చీలో కూర్చోబెట్టాలి. ముఖం, పూలజడ, చీర కట్టు, నగలు అన్నీ కలిపి నాకు రెండున్నర గంటలు తక్కువ కాదు. 4కి లేచిన కళ్ళు 10 గంటలకి ఎలా ఉంటాయో మీకు తెలియదు, కెమెరాకి తెలుసు. 9కి మొదటి ఫ్రేమ్ పెట్టుకోండి.

పూలజడకి మల్లెలు రాసుకుంటే కొట్టేయండి, అవి వేసవి పూలు. డిసెంబరులో కాగడా పూలు దొరుకుతాయి, చేమంతి పుష్కలం, కనకాంబరం ఉంటుంది. కడియపులంక మార్కెట్‌లో ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టుకుంటే తెల్లారేసరికి తాజాగా తెచ్చుకోవచ్చు. చేమంతి జడ బరువు, పొట్టి జుట్టు ఉన్న మోడల్ అయితే సవరం గట్టిగా పట్టాలి. జుట్టు ఎంత ఉందో నాకు ముందే ఫొటో పంపించండి.

జీలకర్ర బెల్లం గురించి ఒకటి. మెత్తగా నూరి తమలపాకు మీద పల్చగా రాయండి చాలు. ముద్ద పెడితే వేడికి కరిగి నుదుటి దాకా కారుతుంది, కల్యాణ బొట్టు పోతుంది, మళ్ళీ దిద్దడానికి అరగంట. పారాణి కూడా పొద్దున్నే పెట్టొద్దు, ఆరాక తెల్ల గుడ్డ మీద నడిచే ఫ్రేమ్ ఉంటే చెప్పండి.

వరంగల్_శ్రీను_డెకర్

అన్నా, డెకరేషన్ సంగతి చెప్పండి. మండువా పైన ఖాళీగా ఉంటది కదా, అక్కడ పసుపు పచ్చ గుడ్డ లాగి, మధ్యలో బంతిపూల దండలు దిగేట్టు వేస్తే పైనుంచి కింద దాకా నిండుగా ఉంటది. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో చేశా, అందరికీ నచ్చింది.

ఐరేని కుండలు (పెళ్ళిలో పెట్టే రంగుల మట్టి కుండలు) పెడదామా? మా దగ్గర కుమ్మరింటి నుంచి మేళంతో తెస్తరు, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటయి.

పాతకెమెరా

శ్రీనూ, కుండల సంగతి పెద్దవాళ్ళు చెబుతారు. గుడ్డ మాత్రం వద్దు. ఆ ఇంటికి అంత దూరం వెళ్ళేదే ఆ ఖాళీ కోసం.

మండువా అంటే నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. అక్కడి నుంచి దిగే వెలుగంత మెత్తటిది ఏ స్టూడియోలోనూ కొనలేం. దాని మీద పసుపు గుడ్డ కట్టావంటే కింద కూర్చున్న ప్రతి ముఖానికీ కామెర్లే. తెల్ల చీర పసుపు, తెల్ల పంచె పసుపు, కంప్యూటర్లో సరిచేస్తే చర్మం నీలం. దండలు కావాలంటే వసారా అంచుల వెంట కట్టు, స్తంభాలకి చుట్టు.

ఎండ లెక్క కూడా చూసుకో చైతన్యా. డిసెంబరు ఆఖరులో మన వైపు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు, అదీ దక్షిణానికి వాలి. కాబట్టి ఎండ ముక్క ఉత్తరపు వసారా వైపు పడుతుంది. దక్షిణపు వసారా అంచున నిలబెట్టి ఉత్తరం వైపు చూడమంటే మధ్యాహ్నం 12కి కూడా ముఖం మీద నీడ వెలుగే ఉంటుంది. వెనక వసారా చీకటి, ముందు ముఖం వెలుగు. 85 ఎంఎం లెన్సు వేసి ఎఫ్/2.8లో (లెన్సు రంధ్రం బాగా తెరిచి) తియ్యి, ఫ్లాష్ బ్యాగులోంచి తియ్యనక్కర్లేదు. జంట పోర్ట్రెయిట్లు అక్కడే.

పీటలకి తూర్పు ముఖం అంటారు పంతుళ్ళు. అలాగే పెట్టుకుందాం, పడమటి వసారాలో పీటలు వెయ్యి. కానీ 9 దాటాక ఆగ్నేయం నుంచి ఎండ సరిగ్గా అటే వస్తుంది, సగం ముఖం తెలుపు, సగం నలుపు అవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత అది పక్కకి తప్పుకుంటుంది. అందుకని పీటల మీద తంతు అంతా మధ్యాహ్నమే. చూశావా, వెలుగు లెక్క వేసినా చెరిగిపోయేవి చివరికే వచ్చాయి.

ఇదే ఇల్లు మే మొదటి వారంలో అయితే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఈ లెక్క ఏదీ పనికిరాదు. వాతావరణం సంగతి పక్కన పెట్టినా నెల చూసి ప్లాన్ మార్చుకోవాలి.

అమలాపురం_పిన్ని

నేను ఫొటోలు తీసేదాన్ని కాదు, మా అబ్బాయి చెబితే ఇది చదివాను. అందరూ వెలుగు గురించే మాట్లాడుతున్నారు, ఒక్కరూ అసలు సంగతి అడగలేదు. ఆ మోడల్ పిల్లలిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు? ఏమీ కారు కదా. మరి ఆ అబ్బాయి చేత ఆ అమ్మాయి మెడలో సూత్రం కట్టిస్తారా?

సినిమాల్లో కట్టడం లేదా అంటారు, తెలుసు. సినిమాలో అది కథ అని చూసేవాళ్ళకి తెలుసు. మీరు పెట్టే ఫొటో కింద కథ ఉండదు. రేపు ఆ పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఈ ఫొటో వాళ్ళ ఫోన్లోకి రాదని ఎవరు చెప్పగలరు?

కుండల విషయం. ఐరేని కుండలు అందమైనవే, కానీ మా కోనసీమ పెళ్ళిలో వాటి స్థానం వేరు, పేర్లు వేరు. గోదావరి పెళ్ళి అని పేరు పెట్టి అవి తెచ్చి ముందు పెడితే ఇక్కడివాళ్ళు నవ్వుతారు, అక్కడివాళ్ళు మావి ఎత్తుకెళ్ళారంటారు. శ్రీను బాబూ, వరంగల్ పెళ్ళి షూట్ వేరే పెట్టుకో, కుండలకి అప్పుడు పూర్తి న్యాయం చెయ్యి.

వరంగల్_శ్రీను_డెకర్

సరే పిన్నిగారూ, కుండలు క్యాన్సిల్. పసుపు గుడ్డ కూడా క్యాన్సిల్. 😄 కానీ సూత్రం దగ్గర నేను ఒప్పుకోను. మంగళసూత్రం ఫొటో లేకుండా పెళ్ళి షూట్ అంటే ఎవరు చూస్తరు? ప్రతి క్లయింట్ మొదట అడిగేది అదే. ఫొటో కోసం పసుపు తాడు చూపిస్తే తప్పేముంది, ముడి వెయ్యకుంటే సరి.

ఆల్బమ్_డెస్క్ (విజయవాడ)

నా దగ్గరికి వచ్చే ఆల్బమ్‌లలో ముడి వేసే ఫొటో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పెళ్ళికొడుకు చేతులు, పెళ్ళికూతురి వంచిన మెడ, వెనక ఆడపడుచు జడ పైకి పట్టుకోవడం, నాలుగు ఫోన్లు. పోర్ట్‌ఫోలియోలో అది లేకపోతే ఒక్క క్లయింటూ పోడు. దానికి బదులు పళ్ళెంలో కొబ్బరికాయ మీద సూత్రాలు పెట్టి పెద్దవాళ్ళ చేత తాకించడానికి తిప్పుతారే, ఆ ఫ్రేమ్ తియ్యండి. పళ్ళెం మీదికి వచ్చే ముసలి చేతులు, పసుపు తాడు, అక్షతలు. ముఖాలు అక్కర్లేదు, మోడల్స్ అక్కర్లేదు. ఆ ఇంటి పెద్దవాళ్ళని అడిగితే వాళ్ళే చెయ్యి పెడతారు.

మన పెళ్ళిలో ముహూర్తం పడేది జీలకర్ర బెల్లం దగ్గర. ఆ ఫొటో బలంగా ఉంటే చాలు. నేనైతే దానికి రెండు పేజీలు ఇస్తాను.

అమలాపురం_పిన్ని

ఈ మాట బాగుంది. కానీ ముహూర్తం జీలకర్ర బెల్లం దగ్గరే అని మీరే అంటున్నారు, మరి దాన్ని మాత్రం ఆ ఇద్దరి చేత ఎలా పెట్టిస్తారు?

మేకప్_మాధురి

పిన్నిగారి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. మోడల్స్ ఎందుకు? నిరుడు మాఘంలో నేను రెడీ చేసిన పెళ్ళికూతురు ఒకామె కాకినాడలోనే ఉంది. తన పెళ్ళి రాత్రి ముహూర్తం, వాన, కరెంటు పోయింది, మంచి ఫొటో ఒక్కటీ రాలేదని ఇప్పటికీ బాధ పడుతుంది. భార్యాభర్తలిద్దరికీ సరదా. వాళ్ళని అడగనా? ఎవరి మెడలో ఎవరు కట్టారన్న గొడవే ఉండదు. జంట మధ్య బిగుసుకుపోవడం కూడా ఉండదు, ముక్కూమొహం తెలియని ఇద్దరి చేత సిగ్గు నటింపజేయడం కన్నా ఎంతో నయం.

చైతన్య_క్లిక్స్

మాధురి గారూ, వెంటనే అడగండి! మాట్లాడుకున్న మోడల్స్ ఇద్దరికీ విడిగా చీర, నగల పోర్ట్రెయిట్లు తీసిస్తానని చెబుతాను, వాళ్ళకి కావలసిందీ అదే.

అమలాపురం_పిన్ని

పెళ్ళైన పిల్లలైతే నాకే అభ్యంతరమూ లేదు. కానీ అక్కడే మీరు ఇంకోచోట దొరికిపోతారు. ఆమె కాళ్ళకి మెట్టెలుంటాయి, మెడలో సూత్రాలూ నల్లపూసలూ ఉంటాయి. గౌరీపూజ ఫొటోలో మెట్టెలు కనబడ్డాయా, చూసిన ప్రతి ఆడదీ పట్టేస్తుంది. బుట్టలో కూర్చున్నప్పుడు కూడా అంతే. సూత్రాలు తియ్యమని ఆ పిల్లని అడగొద్దు. హారాల కింద, చీర లోపలికి సర్దుకోమనండి. మెట్టెలు మాత్రం ఫొటో మేరకు తీసి పెట్టుకోవచ్చు, అదీ ఆమె ఇష్టమైతేనే. లేదంటే కాళ్ళు కనబడకుండా తియ్యండి.

బాసికం పీటల మీదికి వచ్చాకే. కొబ్బరి బొండం చేతిలో పట్టుకుని బుట్టలో వస్తుంది, బుట్ట మోసేది మేనమామలు. మొన్న ఎక్కడో ఫొటోలో పెళ్ళికొడుకు స్నేహితులు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని మోస్తున్నారు. అడ్డుతెర జీలకర్ర బెల్లం దాకానే ఉంటుంది, తలంబ్రాల ఫొటోలో వెనక తెర వేలాడకూడదు. మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటారన్నది ఇంటింటికీ మారుతుంది, మీరు వెళ్ళే ఇంటి ముసలావిడని అడగండి. ఆమె చెప్పినట్టే చెయ్యండి, ఇల్లిచ్చిన వాళ్ళకి మర్యాదగా కూడా ఉంటుంది.

పాతకెమెరా

పిన్నిగారూ నమస్కారం. చైతన్యా, ఈ పోస్టు ప్రింటు తీసి జేబులో పెట్టుకో. వరస తలకిందులుగా తీస్తే వచ్చే ప్రమాదం సరిగ్గా ఇదే. ప్రతి ఫ్రేమ్ పక్కన నాలుగు గడులు రాసుకో: మెట్టెలు, బాసికం, మెడలో ఏముంది, ఏ చీర. ఎవరో ఒకరికి ఈ కాగితం చూడటమే పని కావాలి. కెమెరా పట్టుకున్నవాడికి అవి గుర్తుండవు.

నేత_ఇల్లు (ఉప్పాడ)

చీరలు మేమిస్తున్నాం కాబట్టి నాలుగు మాటలు. చైతన్య గారు ముందే ఫోన్లో మాట్లాడారు, ఇక్కడ అందరికీ తెలియడానికి రాస్తున్నాను.

పెళ్ళి చీర ఫొటో అంటే అందరూ కొంగు పరిచి తీస్తారు. ఉప్పాడ జామ్‌దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గొప్పంతా బుటా (చిన్న పువ్వుల డిజైన్) నేతలో ఉంది, ముందు ఎలా ఉంటుందో వెనక్కి తిప్పినా దాదాపు అలాగే ఉంటుంది. అది కనబడాలంటే కొంగుని వెలుగుకి అడ్డంగా పట్టాలి. మండువా వైపు నుంచి వచ్చే వెలుగు గుడ్డ గుండా రావాలి, బుటా అంచులు అప్పుడు తేలతాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే జరీ తెల్లగా పేలిపోయి చీర మొత్తం రేకులా ఉంటుంది.

సన్న గళ్ళ చీరలు కొన్నిటిలో కెమెరాలో అలల్లాంటి గీతలు వస్తాయి, కొంచెం దగ్గరికో దూరానికో జరిగితే పోతాయి. అక్కడికక్కడే జూమ్ చేసి చూసుకోండి. రంగుల కార్డు ఒకటి చీర పక్కన పెట్టి ప్రతి చోటా ఒక ఫొటో తియ్యండి. మాకు బాధ ఎక్కడంటే, నెమలి కంఠం రంగు చీర ఫొటోలో నీలంగా వస్తుంది, కస్టమరు నీలమే అనుకుని ఆర్డర్ పెట్టి, వచ్చాక రంగు తేడా అని వెనక్కి పంపిస్తారు.

పట్టు చీర మీద పసుపు పడితే మేము ఊరుకోం, ఇది ముందే చెబుతున్నా. 🙂 తలంబ్రాలకి మధుపర్కాలు కట్టండి, నూలువి ఎర్ర అంచుతో రెండు జతలు ఇస్తాను. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది.

ఆల్బమ్_డెస్క్

60 ఫ్రేములు మరీ ఎక్కువ. ఒక రోజులో వెలుగు బాగుండేది, మనుషులు అలసిపోకుండా ఉండేది కలిపి చూస్తే ఐదారు గంటలు. 25 గట్టివి అనుకోండి, ప్రతి దానికీ నిలువు ఒకటి, అడ్డం ఒకటి. ఆల్బమ్‌కి అడ్డం కావాలి, ఫోన్లో చూసేవాళ్ళకి నిలువు. రెండూ లేకపోతే తర్వాత తలలు నరుక్కుంటూ కూర్చోవాలి.

ఇంకో మాట, రెండు పేజీల మధ్య మడత వస్తుంది. జంటని సరిగ్గా నడుమ కూర్చోబెట్టి తీస్తే ఆ మడత ఇద్దరి మధ్యలోనో, పెళ్ళికొడుకు ముక్కు మీదో పడుతుంది. వెడల్పు ఫ్రేముల్లో మనుషుల్ని ఒక పక్కకి పెట్టండి, మిగతా సగం స్తంభాలు, వసారా, దండలు. పెంకుల చూరు, టేకు స్తంభాల చెక్కడం కనబడకపోతే ఆ ఇంటికి వెళ్ళి ఏం లాభం.

డల్లాస్_లత

ఇదంతా చదువుతుంటే అసూయగా ఉంది. మాకిక్కడ శీతాకాలంలో కొబ్బరాకు కూడా దొరకదు, మామిడాకులు ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్‌లో. అరటి బోదెలకి బదులు కుండీల్లో అరటి మొక్కలు అద్దెకి తెచ్చి తీశాం.

ఒక్క ప్రశ్న. తలంబ్రాలు గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ ఎంత? మాకెప్పుడూ గీతల్లా వస్తున్నాయి. థర్మాకోల్ గుండ్లు వాడితే తేలిగ్గా కనబడుతున్నాయి కానీ ప్లాస్టిక్‌లా ఉన్నాయి.

పాతకెమెరా

లత గారూ, షట్టర్ స్పీడు 1/1000 సెకను పెట్టండి. బియ్యం తేలిగ్గా ఆగుతాయి. హాల్లో వెలుగు చాలకపోతే ఫ్లాష్ వెనక నుంచి, తక్కువ పవర్‌లో. దాని మెరుపు కాలమే చాలా చిన్నది కాబట్టి అదే గింజల్ని ఆపేస్తుంది. గింజలు వెనక వెలుగులోనే మెరుస్తాయి, ఎదురు వెలుగులో చర్మంలో కలిసిపోతాయి. థర్మాకోల్ వద్దు. బియ్యానికి పసుపు, కొంచెం నెయ్యి రాస్తే రంగు గట్టిగా పడుతుంది. గంట ముందే కలిపి ఆరబెట్టాలి, లేదంటే ముద్దలు ముద్దలుగా పడతాయి.

సీరియల్ లైట్లు వాడేవాళ్ళకి కూడా ఇక్కడే చెబుతున్నా. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు దానితోపాటే మినుకుతాయి. షట్టర్ 1/100 లేదా 1/50 దగ్గర ఉంచితే అడ్డ చారలు రావు. తలంబ్రాలకి 1/1000 పెట్టేటప్పుడు సీరియల్ సెట్లు ఆర్పించెయ్యి చైతన్యా. అమెరికాలో 60 హెర్ట్జ్, లత గారు 1/60, 1/120 చూసుకోవాలి.

చైతన్య_క్లిక్స్

అందరికీ థ్యాంక్స్. ఆ జంట ఒప్పుకున్నారు! మార్చిన ప్లాన్ ఇది.

పొద్దున 6:30 నుంచి మేకప్, ఆ టైములోనే రెండో కెమెరా నగలు, శుభలేఖ, జడకుప్పెలు, కొబ్బరికాయ మీద సూత్రాల పళ్ళెం తీసేస్తాడు. తూర్పు గదిలో కిటికీ ఉంది, చాలు. నేను పందిరి, గుమ్మం, ముగ్గు, ఖాళీ ఇల్లు తీసుకుంటా. 9 నుంచి 10 గౌరీపూజ, దేవుడి గదిలో. 10 నుంచి 12:30 దక్షిణపు వసారాలో పట్టు చీర పోర్ట్రెయిట్లు, కొంగు గుండా వెలుగు వచ్చే ఫ్రేములు, మోడల్స్ విడి ఫొటోలు. భోజనాలు. 1:30కి బుట్ట. 2కి పడమటి వసారాలో పీటలు, అడ్డుతెర, జీలకర్ర బెల్లం. పడవకి పట్టు చీరే కావాలి కాబట్టి 4కి కాలవ గట్టు, 4:45కి పడవ. తిరిగి వచ్చాక మధుపర్కాలతో దీపాల వెలుగులో తలంబ్రాలు, రోజులో ఆఖరిది. మొత్తం 28 ఫ్రేములకి కుదించా.

జీలకర్ర బెల్లం పైనుంచి తియ్యాలని ఉంది. అటక మీద నుంచి వంగితే ఇద్దరి తలలూ, తమలపాకులూ, చేతులూ ఒకే ఫ్రేములో వస్తాయి.

మేకప్_మాధురి

2కి జీలకర్ర బెల్లం, 4కి మళ్ళీ గట్టు మీద పోర్ట్రెయిట్లా? ఆకు మీద పల్చగా రాస్తే పది నిమిషాల్లో తుడిచి సర్దేస్తాను, ఫర్వాలేదు. కానీ 3:15కి ఆమెని నాకు అప్పజెప్పాలి. అది ప్లాన్‌లో రాయండి, లేకపోతే అందరూ మర్చిపోతారు.

పాతకెమెరా

బాగా కుదిరింది. తలంబ్రాలు దీపాల వెలుగులో 1/1000కి రావు, అది మాత్రం చూసుకో. దీపం వెలుగు రంగు 2000 కెల్విన్ దగ్గర, అంటే బాగా నారింజగా ఉంటుంది, ఫ్లాష్‌కి నారింజ జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ షీటు) వెయ్యకపోతే బియ్యం నీలంగా, ముఖాలు ఎర్రగా వస్తాయి. వెనక ఒక ఫ్లాష్, జెల్‌తో. ముందు దీపాలు.

అటక మీదికి ఎక్కేముందు చెక్క ఎంత గట్టిగా ఉందో ఇంటివాళ్ళని అడుగు. కెమెరాకి మెడ పట్టీ తప్పనిసరి, కింద రెండు తలలున్నాయి.

నేత_ఇల్లు

ఒక సందేహం. ఫొటోలు ఎవరివి? పోయినసారి వేరే షూట్‌కి చీరలిస్తే ఆరు నెలలు ఫొటోలు రాలేదు. వచ్చాక చూస్తే వాటి మీద వాళ్ళ లోగో, మా పేరు ఎక్కడా లేదు. మా కేటలాగ్‌లో వేసుకోవచ్చా అంటే డబ్బు అడిగారు.

ఆల్బమ్_డెస్క్

ఇది ముందే కాగితం మీద పెట్టుకోవాల్సింది. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా డబ్బో, వెల కట్టదగ్గ ఇంకేదైనా ప్రతిఫలమో ఇచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు ముందు తీయించుకున్నవాళ్ళది. లేదంటే తీసినవాడిది. స్టైల్డ్ షూట్‌లో డబ్బు చేతులు మారదు కాబట్టి మామూలుగా ఫొటోగ్రాఫర్ చేతిలోనే ఉంటుంది. చీరలిచ్చాం, పూలిచ్చాం, అదీ ప్రతిఫలమే కదా అని వాదన మొదలైతే తెగదు. ఒక పేజీ రాసుకుని అందరూ సంతకం పెట్టండి: ఎన్ని ఫొటోలు, ఎప్పటిలోగా, ఎవరెవరి పేర్లు ఎలా రాయాలి, అచ్చు కేటలాగ్‌కి వాడొచ్చా లేదా, ఎవరూ ఫిల్టర్లు వేసి రంగు మార్చకూడదు. జంట దగ్గర కూడా అనుమతి పత్రం తీసుకోండి, ఇంటివాళ్ళ దగ్గర కూడా. పళ్ళెం మీద చేతులు పెట్టే పెద్దవాళ్ళని మర్చిపోకండి.

ఏదైనా పెళ్ళి పత్రికకో వెబ్‌సైట్‌కో పంపే ఆలోచన ఉంటే అది అచ్చయ్యేదాకా ఇన్‌స్టాలో ఎవరూ పెట్టకూడదని కూడా రాయండి. చాలామంది ఇంతకుముందు బయటికి రాని ఫొటోలే అడుగుతారు. తెర వెనక ఫొటోలు పెట్టుకోవచ్చా లేదా అన్నదీ స్పష్టంగా ఉండాలి, ఎక్కువ గొడవలు వాటితోనే.

చైతన్య_క్లిక్స్

నేత_ఇల్లు గారూ, మూడు వారాల్లో పూర్తి సైజు ఫొటోలు, లోగో లేకుండా, కేటలాగ్‌కి ఉచితం. కాగితం మీద అలాగే రాస్తా. ఇక్కడే డ్రాఫ్ట్ పెడతాను, అందరూ చూడండి.

డ్రోన్ సంగతి ఎవరైనా చెప్పగలరా? కాలవ మీద పడవ పైనుంచి ఒక్క షాట్.

పాతకెమెరా

250 గ్రాముల లోపుది అయితే డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఆ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటు) ఉందో లేదో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందు చూసుకో, గ్రీన్ అయినా 400 అడుగులు దాటొద్దు. నన్నడిగితే వంతెన మీద నిలబడి తియ్యి. పడవ కింద నుంచి వచ్చేటప్పుడు 35 ఎంఎం చాలు, ముఖాలు కూడా కనబడతాయి.

వరంగల్_శ్రీను_డెకర్

అన్నా, పడవకి ఏం కట్టాలి? బంతిపూలు నీళ్ళ మీద మస్తు కనబడతయి, కానీ పడవ చిన్నదైతే నిండిపోతది.

అమలాపురం_పిన్ని

పడవకి రెండు అరటి మొక్కలు, ఒక మామిడి తోరణం చాలు. సారె మర్చిపోవద్దు. అప్పగింతలంటే బిందె, పసుపు కుంకుమ, అరిసెల డబ్బా, చాప చుట్ట ఉండాలి, ఉత్త చేతులతో పంపరు. ఆత్రేయపురం పూతరేకులు కూడా పెట్టుకోండి, 2023లో వాటికీ భౌగోళిక గుర్తింపు వచ్చిందిగా. ఫొటో అయ్యాక తినేయొచ్చు.

చైతన్య_క్లిక్స్

పిన్నిగారూ, మీరే ఆ రోజు రాకూడదూ? అంబాజీపేట మీకు దగ్గరేగా. ఆ నాలుగు గడుల కాగితం చూసేవాళ్ళు ఇంకా దొరకలేదు.

అమలాపురం_పిన్ని

వస్తాను. కానీ 6:30కి కాదు, పూజ చేసుకుని 9కి వస్తాను. భోజనంలో పనసపొట్టు కూర పెట్టిస్తే సాయంత్రం దాకా ఉంటాను.

నేత_ఇల్లు

చీరలు ముందు రోజు సాయంత్రం మా అబ్బాయి తెస్తాడు, ఇస్త్రీ చేసి మడతలు లేకుండా చుట్టి తెస్తాడు. కట్టేదాకా మడత పెట్టొద్దు. కాగితం మీద సంతకం అప్పుడే చేస్తాం, డ్రాఫ్ట్ ముందు ఇక్కడ పెట్టండి.